నాలుగిళ్ళలో చెప్పిన ఉపవాసం

ఆ రోజు మణికొండలో ఎనిమిదో అంతస్తు ఫ్లాట్‌లో ఉల్లిగడ్డలు కోస్తుంటే నా కుడిచేతి వేళ్ళు కత్తి చుట్టూ బిగుసుకుపోయాయి. ఎడమచేత్తో ఒక్కొక్క వేలూ లాగి విప్పుకున్నాను. భగవంతుడు కాచాడు, తెగలేదు అనుకుని మళ్ళీ కోయడం మొదలుపెట్టాను. అప్పుడే దవాఖానకు పోవలసింది.

నేను వంటమనిషిని. బడికి పోలేదు. చదువూ వంటా మా అమ్మే ఇంట్లో నేర్పింది, ఆమె పుణ్యాన ఇది రాయగలుగుతున్నాను. ఆ అపార్ట్‌మెంట్‌లో సాఫ్ట్‌వేర్ వాళ్ళ ఇళ్ళు నాలుగు చేసేదాన్ని. ఎనిమిదో అంతస్తు మేడం ఒకసారి నా ముందే స్నేహితురాలితో అన్నది: "డైట్ వంట చేయిస్తున్నానే. మా యాదమ్మను చూస్తే ఎవరైనా నమ్ముతారా? ఎనభై కిలోలు!" నేనూ నవ్వాను. తర్వాత నాతో, "నువ్వూ తగ్గు యాదమ్మా, లేదంటే సన్నటి వంటమనిషిని చూసుకుంటా" అన్నది. అదీ నవ్వుతూనే.

ఫ్రిజ్ మీద ఆమె డైట్ చార్ట్ అంటించి ఉండేది. అందులో నాలుగు పూటల తిండి ఉంది. నేను అందులోంచి సాయంత్రం సూప్ ఒక్కటే పట్టుకుని, మిగతా మూడు పూటలూ మానేశాను.

ఏ ఇంట్లోనైనా టిఫిన్ పెడతారు కదా, వద్దంటే ఎందుకని అడుగుతారు. అందుకని సోమవారం శివుడికి ఉపవాసమన్నాను, మంగళవారం ఆంజనేయుడికి, గురువారం బాబాకు, శనివారం వెంకన్నకు. మిగతా రోజుల్లో "కిందింట్లో తిన్నానమ్మా". నిజానికి నాకున్నది శనివారం ఒంటిపూట ఒక్కటే.

నాలుగు నెలల్లో ఇరవై కిలోలు తగ్గాను. మేడం చప్పట్లు కొట్టింది. "ఇప్పుడు నిన్ను ఎవరికైనా చూపించొచ్చు!" ఆ సాయంత్రం దీపం పెట్టి దేవుడికి దండం పెట్టుకున్నాను.

మా ఆయన క్యాబ్ నడుపుతాడు. వేళ్ళు బిగుసుకున్న సంగతి చెబితే నా మొహం చూసి, "ఏందే, పీనుగ లెక్క అయితున్నవ్? తింటున్నవా లేదా?" అన్నాడు.

"ఉపవాసాలు గద."

"ఇగ దేవుడు నిన్ను గూడ తింటడు."

వీధి క్లినిక్‌లో కూడా ఉపవాసాలనే చెప్పాను. "వీక్‌నెస్. కొంచెం తగ్గించమ్మా" అని బి-ట్వెల్వ్ ఇంజెక్షన్ ఇచ్చి పంపారు. నా అబద్ధానికి తగ్గ మందు అది.

తర్వాత జుట్టు ఊడడం మొదలైంది. దువ్వితే పిడికెడు. గుడ్డ కట్టుకుని వండినా ఒకరోజు పప్పులో వెంట్రుక వచ్చింది. మేడం దాన్ని తీసి పళ్ళెం అంచున పెట్టింది. "ఛీ. ఇదా మేం తినాల్సింది? రేపట్నుంచి రాకు." ఆ పళ్ళెం ఫొటో అపార్ట్‌మెంట్ గ్రూప్‌లో పెట్టిందట. సాయంత్రానికి మిగతా మూడిళ్ళూ వద్దన్నాయి. ఏ ఇల్లు పోతుందని తిండి మానేశానో, ఆ ఇల్లే ముందు పోయింది.

మూడో రోజు కుడి పక్కటెముకల కింద నొప్పి, వాంతులు. బాత్‌రూమ్‌లో పడిపోయాను. మా ఆయన సర్కారు దవాఖానలో చేర్చాడు. ఈసీజీ తీశారు, రక్తం తీశారు.

"పొటాషియం మస్తు తక్కువుంది. ఇంకో రోజైతే గుండె ఆగేది. ఏం తింటున్నవమ్మా?" అన్నాడు డ్యూటీ డాక్టరు.

"ఉపవాసం సార్."

"ఏ దేవునికి?"

నాలుగిళ్ళలో అలవోకగా చెప్పిన పేర్లు ఒక్కటీ నోటికి రాలేదు. "దేవునికి కాదు సార్. పని పోతదని" అన్నాను. మా ఆయన గోడవైపు తిరిగాడు.

అల్ట్రాసౌండ్‌లో గాల్‌బ్లాడర్ స్టోన్స్ కనిపించాయి. "గింత జల్దీ బరువు తగ్గితే గూడ వస్తయి" అన్నాడు డాక్టరు. ఆకలి తిరిగొచ్చినా కడుపునిండా పెట్టలేదు, ఒక్కసారిగా తింటే అదీ ప్రమాదమేనట. రోజూ రక్తం చూస్తూ గంజి కొలిచి పోశారు. స్పూనుతో తాగించిన సిస్టరమ్మను ఇప్పటికీ పూజలో తలుచుకుంటాను. రెండు నెలలకు ఆపరేషన్ చేసి గాల్‌బ్లాడర్ తీసేశారు.

ఇప్పుడు నానక్‌రామ్‌గూడలో ఒక హాస్టల్‌లో వండుతున్నాను. ముందు నేను తిని, ఆ తర్వాతే పొయ్యి వెలిగిస్తాను. ఊడిన చోట జుట్టు వేలెడు పొడవు వచ్చింది. మెట్లెక్కితే ఇంకా ఆయాసమే. శనివారం వెంకన్నకు నైవేద్యం పెట్టి, అదే తింటాను.

మొన్న కూరగాయల దగ్గర మేడం కనిపించింది. "అయ్యో యాదమ్మా, మళ్ళీ లావైపోయావే!"

"అవునమ్మా, వెంకన్న దయ" అన్నాను.

చదివేవాళ్ళకు ఒక్కమాట. ఏం తింటున్నావని డాక్టరు అడిగితే, నిన్న పొద్దుటినుంచి నోట్లోకి పోయింది ఉన్నదున్నట్టు చెప్పండి. దేవుడి పేరు చెప్పకండి. ఆయన నన్ను ఒక్క మెతుకు కూడా మానమని అడగలేదు.