డ్రెస్డెన్ గోడలో నల్ల రాళ్ళు

మేముండే లేబర్ క్యాంపు బర్వా అల్ బరాహాలో ప్రతి మంచం పక్కనా గోడకు ఏదో ఒక ఫొటో ఉంటుంది. పిల్లలదో, దేవుడిదో. హన్మాండ్లన్న మంచం పక్కన మాత్రం జర్మనీ చర్చి ఉంది. గదిలోకి కొత్తగా వచ్చినవాళ్ళు ఆయన మతం మారాడనుకుంటారు. ఆయనేమో శనివారం శనివారం ఆంజనేయుడికి ఒక్కపొద్దుండే మనిషి.

ఆయన రాతి మేస్త్రి. అల్ తుమామాలో మేం కట్టే విల్లాల ముందు గోడలకు రాయి అతికించేది ఆయనే. అక్కడి సైట్ ఆఫీసులో, రాళ్ళు కోసే మెషీన్ల కంపెనీవాళ్ళు ఇచ్చిన క్యాలెండర్ ఉండేది. నెలకో బొమ్మ, అన్నీ డ్రెస్డెన్ అనే జర్మనీ ఊరివే. ఏప్రిల్‌లో పింగాణీ పలకల పొడుగాటి గోడ, దాని నిండా గుర్రాల మీద రాజులు. "జాయింట్ కనవడ్తలేదు గదరా" అంటూ హన్మాండ్లన్న దాని ముందే టీ చల్లార్చుకున్నాడు.

మే నెలలో ఈ చర్చి వచ్చింది. తెల్లటి రాయి, మధ్యమధ్యలో నల్ల రాళ్ళు.

"ఎవడు సార్ గీ మేస్త్రి?" అని ఇంజనీరు వేణుగోపాలరావు గారిని అడిగాడు. "షేడ్ కలవకుండ పెట్టిండు. మన ఫోర్‌మన్ జియావుద్దీన్ చూస్తే, యల్లా, పలగ్గొట్టు అంటుండె."

సార్ నవ్వారు. "మేస్త్రి తప్పు కాదయ్యా. నల్లవి పాత రాళ్ళు. యుద్ధంలో బాంబులేస్తే ఊరంతా తగలబడింది. ఈ చర్చి రెండ్రోజులు నిలబడి కూలిపోయింది. నలభై ఏళ్ళ పైన ఆ కుప్పని అలాగే వదిలేశారు. తర్వాత ఒక్కో రాయీ తీసి, ఏది ఎక్కడిదో చూసుకుని, వీలైనవి మళ్ళీ వాటి చోటే పెట్టారు. సాక్సనీ రాష్ట్రానికి రాజధాని అది, మనకి హైదరాబాద్‌లా. అంతా కొత్త రాయితో కట్టలేకనా?"

వెళ్ళేటప్పుడు హన్మాండ్లన్న ఆ బొమ్మ అడిగాడు. సార్ తేదీలు గోడకే ఉంచి, బొమ్మ కత్తిరించి ఇచ్చారు.

హన్మాండ్లన్న ఊరు మానేరు డ్యాంలో మునిగింది. ఖాళీ చేయించినప్పుడు ఆయన ఇక్కడే ఉన్నాడు. భార్య గంగాబాయి దర్వాజ ఒక్కటి పీకి తెచ్చుకుంది. ఆ ఇంటికి హన్మాండ్లన్న నాయన కొట్టిన రాళ్ళు నీళ్ళలోనే ఉండిపోయాయి. ఎండాకాలం నీళ్ళు తగ్గితే గోడల మొదళ్ళు బయటపడతాయి. ఈ ఏడు పునరావాస కాలనీలో ఆమె కొత్త ఇల్లు మొదలుపెట్టింది, సిమెంటు ఇటుకలతో.

ఆ శుక్రవారం వీడియో కాల్‌లో ఆయన అడిగాడు.

"గా రాళ్ళు తెప్పియ్యి గంగా. ముంగటి గోడల పెడుదాం."

"దుబాయ్ ఎండ తలకెక్కిందా? పాకురు వట్టిన రాళ్ళు కొత్తింటికా? కాలనోళ్ళు నవ్వరా?"

"జర్మనోళ్ళు రాజధానిల పెట్టుకున్నరు. ఎవ్వలన్న నవ్విండ్రా?" అని బొమ్మ ఫోన్‌కు ఆనించాడు.

ఆమె చాలాసేపు చూసింది. "మచ్చల మేక లెక్కున్నది" అంది. కానీ మరునాడే తమ్ముడు మారుతిని ట్రాక్టరుతో పంపింది.

ఆ తర్వాత శుక్రవారాలు మా గదంతా ఆ రాళ్ళే. ఆమె ఒక్కోటి చూపించేది, ఈయన చోటు చెప్పేవాడు. "కొంచెం తిప్పు. ఆ గీత బర్రె పలుపు ఒరిసి పడ్డది. దర్వాజకు ఎడమ దిక్కు." చెబుతుంటే కుడిచెయ్యి గాలిలోనే రాయిని సర్దేది.

అన్నీ అయ్యాక అడిగాడు. "నాయన కూసునే అరుగు రాయేది?"

"అది కదల్లే. మారుతి గడ్డపార వంగింది. వానలు వడ్డయి, మోకాళ్ళ దాక నీళ్ళొచ్చినయ్. ఇగ మునుగుతది."

అన్నిటికన్నా హన్మాండ్లన్నకు కావలసింది ఆ రాయే.

గంగాబాయి ఫోన్ తిప్పింది. దర్వాజ పక్కన, పాకురుతో నల్లబడిన రాళ్ళ గోడ కింద, అరుగంత జాగా ఖాళీగా ఉంది.

"మేస్త్రి సిమెంట్ పోస్తనంటే వద్దన్న. వచ్చే ఎండకాలం నువ్వే వచ్చి లేపుకొచ్చి పెట్టు."

"అప్పటిదాక అండ్ల కుక్కలు పంటయ్ గదనే."

"పండనియ్యి. కావలన్న ఉంటయ్."

"లీవ్ ఇయ్యకపోతే?"

"ఆ జర్మనీ గుడోళ్ళు నలభై ఏండ్లు ఆగిండ్రని నువ్వే చెప్తివి" అంది గంగాబాయి. "నేను గన్నేండ్లు ఆగ. ముందుగాలనే చెప్తున్న."

ఫోన్ పెట్టేశాక ఆయన నా వైపు తిరిగాడు.

"లీవ్ కాయితం ఇంగ్లీషులనే రాయాల్నారా? సార్‌కు నోటితోని చెప్తే నడుస్తదా?"