కటునాయకలో తొమ్మిది గంటలు

అన్‌స్లమ్ తిసేరా వంటవాడు. నెగొంబో పక్కన చేపల రేవులో పుట్టినా పడవెక్కితే చాలు, అతనికి కడుపులో తిప్పేది. "వీణ్ణి తీసుకెళ్తే చేపలకి మేత వేసినట్టే" అని తండ్రి నవ్వి పొయ్యి దగ్గర కూర్చోబెట్టాడు. అలా చేతికొచ్చిన వంట అతణ్ణి మాల్దీవుల్లో ఒక హోటలు దాకా తీసుకెళ్ళింది. ఇరవై రెండేళ్ళుగా చుట్టూ నీళ్ళే ఉన్న చిన్న దీవిలో, సముద్రానికి వీపు పెట్టి పులుసులు కాస్తున్నాడు.

భార్య స్టెల్లా ఆరేళ్ళ కిందట తలలో నరం తెగి ఒక్క పూటలో పోయింది. తుఫాను రోజులవి. దీవి నుంచి పడవలు కదలట్లేదని అతను ఇంటికి కబురు చేశాడు. అతను లేకుండానే ఆమెను పూడ్చిపెట్టారు. పిల్లలు లేరు. ఆ తరవాత అతను ఊరికి వెళ్ళలేదు.

వెళ్ళడానికి దారి లేక కాదు. వానాకాలం నాలుగు నెలలూ యజమాని అతణ్ణి ఒమాన్‌లోని తన మరో హోటలుకి పంపేవాడు. పోతూ వస్తూ విమానం మారేది సొంత దేశంలోని కటునాయక విమానాశ్రయంలోనే. అక్కణ్ణించి ఇల్లు పావుగంట దూరం. పన్నెండుసార్లు మారాడు, ఒక్కసారీ బయటికి రాలేదు. "రెండు గంటల్లో ఎక్కడికెళ్ళొస్తాం?" అనుకునేవాడు, ఎవరూ అడగకపోయినా.

ఆ జూన్‌లో మాత్రం మధ్యలో తొమ్మిది గంటలు పడింది. ఉదయం ఎనిమిదికి దిగాడు. మస్కట్ విమానం సాయంత్రం ఐదుకి. చేపముక్కల బన్ను ఒకటి కొనుక్కుని సగం తిన్నాడు. అద్దాల అవతల కొబ్బరి చెట్ల తలలు కనిపిస్తున్నాయి. లేచి, బయటికి వెళ్ళేవాళ్ళ పాస్‌పోర్టు మీద ముద్ర వేసే కౌంటరు దాకా వెళ్ళాడు. వరస పొడుగ్గా ఉందని వెనక్కి వచ్చాడు. రెండోసారి వెళ్తే వరసే లేదు. ముఖం కడుక్కుని మళ్ళీ వచ్చి కూర్చున్నాడు. మూడోసారీ అంతే.

నేల తుడుస్తున్న ఒకావిడ అతని ముందు ఆగింది.

"అన్నా, కాళ్ళెత్తు. పొద్దుట్నుంచీ ఇక్కడక్కడే తిరుగుతున్నావు. ఏ ఊరు?"

చెప్పాడు.

"అమ్మో, అది ఇక్కడే కదా! రోజూ నా బస్సు అటు నుంచే. విమానం ఎప్పుడు?"

"ఐదింటికి."

"మరి కూచున్నావేం? ఇంట్లోవాళ్ళని చూసి, ఇంత అన్నం తిని రా."

"ఇంట్లో నా వాళ్ళెవరూ లేరమ్మా."

"ఎవరూ లేనోడివి మూడుసార్లు ఆ కౌంటరు దాకా ఎందుకెళ్ళావు?" అంటూ ఆవిడ బకెట్టు తోసుకుంటూ వెళ్ళిపోయింది.

పదకొండు దాటాక అన్‌స్లమ్ లేచాడు. ముద్ర పడటానికి నిమిషం పట్టింది. బయట ఆటో ఎక్కాడు.

ఇంట్లో ఉంటున్నది స్టెల్లా చెల్లెలు కాన్సీ. పెళ్ళి చేసుకోలేదు, బట్టలు కుడుతుంది. గుమ్మం పక్కన మిషను ముందు కూర్చుని కళ్ళద్దాల మీంచి చూసింది.

"దారి తప్పావా బావా?"

"విమానం మారాలి. కాస్త టైముంది."

"పావుగంట దారికి ఆరేళ్ళు పట్టింది నీకు. చెప్పులిప్పు, ఇప్పుడే తుడిచాను."

అన్నం, పప్పు, వేయించిన ఎండుచేప పెట్టింది. అతను తలొంచుకుని తిన్నాడు.

"ఉప్పు సరిపోయిందా? పెద్ద వంటవాడివి!"

"సరిపోయింది. కాన్సీ, ఒకసారి స్టెల్లా దగ్గరికి వెళ్ళొద్దామా?"

ఆమె చేతిలో గరిటె ఆగింది.

"అక్కడ అక్క లేదు బావా. చోటు చాలట్లేదని పోయినేడు శ్మశానంలో ఆ వరసంతా తవ్వారు. అందరి ఎముకలూ గోడ పక్కన ఒకే గుంటలో పెట్టారు. అక్క చోట ఇప్పుడు రైల్వేలో చేసినాయన ఎవరో ఉన్నాడు. తవ్వొద్దంటే నీ సంతకం కావాలన్నారు. ఉత్తరం రాశానుగా, అందలేదా?"

ఆ ఉత్తరం అతని ట్రంకు పెట్టె అడుగున ఉంది. తిడుతూ రాసి ఉంటుందని కవరు చించలేదు.

"అందింది. విప్పలేదు," అన్నాడు. ఆమె అడగకుండానే ఇంకోటి కూడా చెప్పాడు. "అప్పుడు మూడు రోజులు తుఫానన్నాను కదా. కాదు. రెండో రోజు మధ్యాహ్నానికే సముద్రం తగ్గింది. పడవ వెళ్ళింది. పూడ్చే వేళకి అందుకునేవాణ్ణి. నేనే ఎక్కలేదు."

"పడవంటే భయమేసిందా?"

"పడవంటే కాదు. స్టెల్లా పెట్టె మూత వేస్తుంటే చూడాల్సొస్తుందని."

ఆమె అరుస్తుందని అతను చేతులు ముడుచుకుని కూర్చున్నాడు. ఆమె కంచం తీసి కడిగి వచ్చింది.

"నిన్ను తిట్టాలని ఎన్ని దాచుకున్నానో! ఎదురుగా కూచుంటే ఒక్కటీ గుర్తు రావట్లేదు. అక్క గురించి మాట్లాడదామంటే ఈ వాడలో ఎవరికీ తీరిక లేదు బావా. మిషనుతో చెప్పుకుంటున్నాను."

ఇద్దరూ నడిచి వెళ్ళారు. సున్నం వేసిన గోడ, దాని కింద సిమెంటు పలక. పేర్లు లేవు. ఎటు తిరిగి నిలబడాలో అన్‌స్లమ్‌కి తెలియలేదు.

"అక్కడ కాదు, ఈ మూలకి రా," అంది కాన్సీ.

"ఇక్కడేనని ఎలా తెలుసు?"

"తెలీదు. నేను ఇక్కడ నించుంటాను."

అతను ఆ మూలకే వచ్చి నిలబడ్డాడు. స్టెల్లా చివరి రోజు పొద్దున ఏం చేసిందో కాన్సీ మొదటిసారి చెప్పింది. దుప్పట్లు ఉతికిందట. పిండడానికి రెండో చెయ్యి కావాలని కేక వేసిందట. అంతే. అతను రెండుసార్లు చెప్పించుకున్నాడు.

మూడున్నరకి ఆటో వచ్చింది. విమానంలో అతనికి మధ్య సీటు దొరికింది. పైకి లేస్తున్నప్పుడు తీరం కనిపిస్తుందేమోనని మెడ సాచాడు. పక్కనాయన కిటికీ మూసేశాడు.

సెప్టెంబరులో పది రోజులు సెలవు పెట్టి వచ్చాడు. నాలుగో రోజుకి ఇద్దరికీ స్టెల్లా గురించి చెప్పుకోవలసినవి అయిపోయాయి. మిగతా రోజులు అతను వంట చేశాడు, ఆమె కుట్టింది. సాయంత్రాలు దుప్పట్లు చెరో కొసా పట్టుకుని పిండి ఆరేశారు.