పురిటింటి వసారా

మా అత్తకు కళ్ళు మసకబారడం మొదలైన ఏడాది, అరసవల్లి సూర్యనారాయణమూర్తికి నడిచి వస్తానని మొక్కుకుంది. అంతటితో ఆగి ఉంటే బాగుండేది. చెప్పుల్లేకుండా, పసుపు చీరతో, ఒంటిపూట తింటూ, మైల ఉన్న గడప తొక్కకుండా వస్తానని కూడా అనేసింది. చావు జరిగిన ఇల్లూ మైలే, పురుడు వచ్చిన ఇల్లూ మైలే. దారిలో అలాంటి ఇంట్లో గుక్కెడు నీళ్ళు తాగినా మొక్కు చెడిపోతుందని మా వైపు నమ్మకం. అప్పటికి నేను ఆ ఇంటి కోడలినై రెండేళ్ళు. మొక్కింది ఆవిడ, వెంట నడవాల్సింది నేను.

మాది కొత్తవలస దగ్గర పల్లె. కొత్తవలసలో రైలెక్కితే ఒక పూటలో ఆమదాలవలసలో దిగొచ్చు, అక్కడి నుంచి అరసవల్లి పెద్ద దూరమేమీ కాదు. ఆ దారికి మేము నాలుగు రోజులు పెట్టుకున్నాం. అరవైల చివర్లో ఒక మాఘమాసం అది. మగవాళ్ళంతా చెరుకు గానుగ దగ్గర బెల్లం వంటలో ఉన్నారు. "ఇద్దరాడోళ్ళు సాలరా, నాలుగ్రోజులే గదా" అన్నాడు మా మావ, తననెవరూ రమ్మనకముందే. బుధవారం బయల్దేరాం. ఆదివారం పొద్దున్నే దేవుడి ముందు నిలబడాలన్నది ఆవిడ పట్టుదల.

కర్రకు ఒక కొస ఆవిడ పట్టుకునేది, ఇంకో కొస నేను. నెత్తి మీద బియ్యం, గిన్నె, ఆరిన చీరల మూట నాదే. తెల్లవారుజామున మంచు పడేది, పది దాటేసరికి ఎండ చురుక్కుమనేది. మామిడి తోటలు పూత మీద ఉన్నాయి. చీపురుపల్లి వైపు రోడ్డు చాలాచోట్ల రైలు పట్టాల పక్కనే సాగుతుంది. రైలు వెళ్ళిన ప్రతిసారీ నాకు ఒళ్ళు మండేది. మా అత్త మాత్రం ఆగి, "ఏ పక్కకెల్తన్నాదే?" అని అడిగేది. మేం పోయే పక్కకే అని చెప్పేదాన్ని.

మొదటి రాత్రి విజయనగరంలో సత్రం. రెండో రాత్రి చీపురుపల్లి దగ్గర ఆవిడ పినతల్లి కూతురిల్లు. మూడో రోజు, శుక్రవారం, పొద్దు వాలే వేళకు పొందూరుకు ఇవతల ఒక ఊరు చేరాం. అక్కడ మాకు తెలిసినవాళ్ళెవరూ లేరు. మామూలుగా అయితే అదొక ఇబ్బంది కాదు. ఆ రోజుల్లో పసుపు చీర చూస్తే చాలు, వసారాలో చాప పరిచేవారు. కానీ మాఘం కదా, ఆ ఊళ్ళో ఒకే రోజు రెండు పెళ్ళిళ్ళు. ఏ అరుగు చూసినా చుట్టాలు, పిల్లలు, ట్రంకు పెట్టెలు. ఒకాయన అయితే చేతులు జోడించేశాడు. "మా కొత్తల్లుడికే సోటు నేదు తల్లీ, గడ్డిమేటు పక్కన మంచమేసినాం."

ఇంకో ఊరు రెండు కోసుల దూరం, నాలుగు మైళ్ళ పైమాటే అన్నారు. మధ్యాహ్నమే మా అత్త మడమ రాయి దిగి చీలింది. కట్టిన గుడ్డ ఎర్రబడింది. నా కాళ్ళ సంగతి చెప్పుకోవాల్సిన పని లేదనుకున్నాను, ఇరవయ్యేళ్ళ దాన్ని కదా. ఆవిడను ఊరి చివర కల్వర్టు మీద కూర్చోబెట్టి, మిగిలిన ఒక్క ఇంటికీ నేనే వెళ్ళాను.

గుమ్మం పక్కన కుంపటి పెట్టి ఉంది. వాము పొగ. అది చూడగానే విషయం అర్థమైంది. బయటికొచ్చిన ఇల్లాలు నా చీర చూసి దూరంగానే ఆగిపోయింది.

"మొక్కు మీదున్నారేటమ్మా? అయితే మా గడప తొక్కకండి. మా పిల్లకి పురుడొచ్చి నాలుగ్రోజులు" అంది.

నేను వెనక్కి తిరగలేదు. "మొక్కు మా అత్తది. ఆవిడికి కళ్ళు సరిగ్గా ఆనవు. మనం సెప్పకపోతే తెలవదు" అన్నాను.

"అయ్యబాబో, ఆ పాపం నా పిల్లకి సుట్టుకుంటే?"

"నాకే సుట్టుకుంటాదిలే అప్పా. దాసేది నాను."

ఆమె నా వెనక కల్వర్టు వైపు తొంగి చూసింది. తర్వాత లోపలికి వెళ్ళి చాప తెచ్చి వసారాలో పరిచింది. నేను వెళ్ళి మా అత్తను తీసుకొచ్చాను. మంచి ఇల్లు దొరికిందని చెప్పాను. ఆ చెప్పడంలో నాకు కొంచెం గర్వం కూడా ఉంది, నిజం ఎందుకు దాచాలి.

"ఈ పొగేటే?" అంది కూర్చుంటూ.

"దోమలకి."

కాసేపటికి లోపల పసిబిడ్డ ఏడ్చింది. మా అత్త అటు చెవి పెట్టింది. "మేకపిల్ల. ఈమధ్యే ఈనినట్టున్నాది" అన్నాను.

"అలగా" అంది.

ఇల్లాలు ఆముదం వెచ్చజేసి తెచ్చి, ఆ మడమకు తనే రాసింది. రెండు చెంబుల నిండా చోడి అంబలి పెట్టింది. ఆ రోజుకి మా ఒంటిపూట భోజనం అయిపోయింది కాబట్టి అత్త వద్దంటుందనుకున్నాను. అనలేదు. చెంబెత్తి గుక్క తిప్పుకోకుండా తాగేసింది. దేవుడు మరీ అంత పట్టింపు మనిషి అయ్యుండడని నాకు నేను చెప్పుకుని, ఆవిడ పక్కనే ఒళ్ళెరగకుండా నిద్రపోయాను.

పొద్దున్నే బయల్దేరుతుంటే మా అత్త మెట్టు మీద ఆగింది. "పిల్లా పాపా సల్లగా ఉండాల" అంది. ఇల్లాలు ఉలిక్కిపడి నా వైపు చూసింది. ఎవరైనా అనే దీవెనే కదా అన్నట్టు నేను తల ఊపాను.

శనివారం సాయంత్రం నాగావళిలో స్నానం చేసి అరసవల్లి సత్రంలో దిగాం. అప్పటిదాకా లేని భయం ఆదివారం గుడిలో పట్టుకుంది నాకు. మొక్కుల మీద నాకు పెద్ద నమ్మకం లేదు. కానీ పక్కనే ఆ మనిషి, చీలిన మడమ ఆనించలేక మునివేళ్ళ మీద నిలబడి, సరిగ్గా కనిపించని దేవుడికి చేతులు జోడించి పెదవులు కదుపుతోంది. ఆవిడ మొక్కు చెడిపోయిన సంగతి నాకొక్కదానికే తెలుసు. తప్పు నాది, ఆవిడ కళ్ళ మీద తీర్చుకోకు అని నేనూ దండం పెట్టాను. అంత నిజంగా నేనెప్పుడూ ఏదీ అడగలేదు.

మొక్కు పోవడానికే గానీ రావడానికి కాదు. తిరుగు ప్రయాణం రైల్లో. ఆమదాలవలస ప్లాట్‌ఫారం మీద బండి కోసం కూర్చున్నప్పుడు, ఉండబట్టలేక అడిగాను. "దేవుణ్ణేటి అడిగినావత్తా?"

"నాకేటీ అడగనేదు" అంది. "పురిటింట్లో తొంగున్నాను, అంబలి తాగినాను. మొక్కు మైలపడిపోనాక ఏ మొకమెట్టుకుని కళ్ళియ్యమంతాను? ఆ పసిగుంటకి మంచి కళ్ళియ్యి సామీ అన్నాను."

ఆరుగుర్ని కన్న మనిషికి పసిబిడ్డ ఏడుపును మేకపిల్లని చెప్పాను. సిగ్గుతో చచ్చిపోయాను. చివరికి, "తెలిస్తే ఆ రాతిరే ఎందుకనేదు?" అన్నాను, తప్పు ఆవిడదే అయినట్టు.

"అంటే లేస్తావు. లేసి ఇంకో ఊరు నడుస్తావు. నీ అడుగుల సప్పుడు ఇంతనే ఉన్నాను గదే, పొద్దుటి నుంచీ కాళ్ళీడుస్తన్నావు. నా కళ్ళు ఎలాగూ పోతన్నాయి. నీ కాళ్ళెందుకు?"

రెండేళ్ళు తిరిగేసరికి ఆవిడకు చూపు పూర్తిగా పోయింది. నరం ముందే ఎండిపోయింది, ఏం చేసినా ఆగేది కాదు అన్నాడు విజయనగరంలో డాక్టరు. ఈ సంగతి విన్న ప్రతివాళ్ళూ అదే అంటారు. నేనూ ఒప్పుకుంటాను. అయినా తర్వాత ఆవిడ బతికిన పద్నాలుగేళ్ళూ, కంచంలో కూర ఎక్కడుందో వేళ్ళతో తడుముకున్నప్పుడల్లా, ఆ సాయంత్రం నిజం చెప్పి రెండు కోసులు నడిచి ఉండాల్సింది అనిపించేది.