సున్నపురాయి మీద నిమ్మచెక్క

నేను ఎనిమిదో తరగతికి సైన్సు చెప్తాను. సున్నపురాయి మీద ఆమ్లం పడితే బుడగలొస్తాయని ఏటా బోర్డు మీద రాసి, పిల్లల చేత మూడుసార్లు అనిపించి, పరీక్షలో తప్పు రాసినవాళ్ల పేపరు మీద ఎర్రసిరాతో సున్నా చుట్టే మనిషిని. అలాంటిదాన్ని మా ఇంట్లో నీటిమొక్కల తొట్టెలో అడుగంతా సున్నపురాళ్లు పరిచాను. తెలిసి తెలిసి పరిచాను.

తొట్టె మా స్కూలుది. ల్యాబులో బీరువా వెనక ఏళ్ల తరబడి పడి ఉంటే పారేస్తామన్నారు. ఆటోలో ఒళ్లో పెట్టుకుని నరసరావుపేట బజారంతా దాటించి ఇంటికి తెచ్చుకున్నాను. మూల దగ్గర కారుతుంటే మా ఆయన గమ్ము పట్టించాడు. ప్లాస్టిక్ కోటలూ, నోరు తెరిచి మూసే మొసలిబొమ్మా నాకు అక్కర్లేదు. నిజం మొక్కలు కావాలి, వాటి మధ్య నాలుగు చిన్న చేపలు తిరగాలి. ఫోన్లో చూస్తే, అలాంటి తొట్టె అడుగున వేయడానికి మట్టిని కూడా సంచుల్లో కట్టి అమ్ముతున్నారు. నల్లగా, గుండ్రంగా, మిరియాల్లా ఉంది. ధర చూసి ఫోను పక్కన పెట్టేశాను. చవకలో ఏం వేయొచ్చని అన్నాల దగ్గర మా ఆయన్ని అడుగుతుంటే మామయ్య విన్నారు.

"రాళ్లకీ మట్టికీ డబ్బులు పెట్టడమేందమ్మాయ్? రాళ్ల మీద బతికిన కొంప మనది," అన్నారు.

మామయ్య పిడుగురాళ్ల వైపు ఒక సున్నం బట్టీలో జీవితమంతా పనిచేశారు. అక్కడ ఆయన పని రాయి చూడటం. క్వారీ నుంచి ట్రాక్టరు రాగానే పైకెక్కి, నాలుగు రాళ్లు చేతికందినవి తీసి, చిన్న సుత్తితో పగలగొట్టి, పగిలిన ముఖం ఎండకి తిప్పి చూసేవారు. ఆయన ఊ అంటే లోడు బట్టీలోకి, ఊహూ అంటే వచ్చిన దారినే వెనక్కి. యజమాని బామ్మర్ది పంపిన లోడుని కూడా ఒకసారి మొహమాటం లేకుండా వెనక్కి తిప్పారట. పోయినేడు ఆ బట్టీ మూతపడింది. అప్పట్నుంచి ఆయన్ని రాయి గురించి అడిగిన మనిషి లేడు. వరండాలో కుర్చీ, చేతిలో చదివేసిన పేపరు. అట్లా బజారు దాకా వెళ్లి రమ్మని అత్తయ్య పోరుతుంటే, "నాతో ఎవరికి పనుంది?" అనేవారు. అన్నం సగంలో చెయ్యి కడుక్కునేవారు. మా అందరికీ అదే దిగులు.

మర్నాడు ఆ మనిషి పొద్దున్నే గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని బస్సెక్కారు. సాయంత్రానికి ఒక గోనెసంచి మోసుకుంటూ దిగారు. పెరట్లో కూర్చుని ఏడు నీళ్లు పోసి కడిగి, పళ్లెంలో పోసి నా ముందు పెట్టారు. తెల్లటి రాళ్లు, అన్నీ చింతగింజంతే. ఒక్కదానికి మరక లేదు, ఒక్కదానికి వాడి అంచు లేదు. ఎక్కడెక్కడ తిరిగి ఏరారో.

"మేలురకం. చేప పొట్ట గీసుకోదు," అన్నారు.

వద్దన్న మాట నా నాలుక చివరి దాకా వచ్చింది. ఇది నీళ్లలో కరిగి నీటిని కఠినజలం చేస్తుందనీ, మొక్కలకి పడదనీ చెప్పాలి. నేను కాక ఆ ఇంట్లో ఎవరు చెప్పాలి? తలెత్తి ఆయన మొహం చూశాను. ఏడాది తర్వాత ఆ మొహంలో కళ వచ్చింది. "చానా బాగున్నయ్ మామయ్యా," అన్నాను.

ఇక నా పాట్లు మొదలయ్యాయి. చేపలకేం కాలేదు, హాయిగా ఈదుతున్నాయి. మొక్కలే పది రోజులకి ఆకుల మధ్యలో పసుపెక్కాయి, ఈనెలు మాత్రం పచ్చగా మిగిలాయి. మామయ్య లేచేలోపు నేను లేచి పండుటాకులన్నీ కత్తెరతో తీసేసి చెత్తబుట్టలో అడుగుకి తోసేదాన్ని. ఒకసారి స్కూలు పని మీద గుంటూరు వెళ్లి అవే మొక్కలు మళ్లీ కొని, హ్యాండుబ్యాగులో దాచి తెచ్చి, పాతవాటి చోట నాటాను. కాపీ కొట్టే పిల్లల్ని పట్టుకునే చేతులతోనే ఈ పని చేశాను. ఆయనేమో రోజూ కుర్చీ తొట్టె ముందుకి జరుపుకుని కూర్చునేవారు. ఇంటికెవరొచ్చినా, "ఆ రాయి నేను తెచ్చిందే," అని చూపించేవారు. కంచంలో అన్నం మిగలడం లేదు. ఆ రాళ్లు తప్పని చెప్తే ఈ మనిషి తిరిగి వరండాలోకి వెళ్లిపోతారని నా భయం. మొక్కలు చస్తే మళ్లీ కొనుక్కోవచ్చనుకున్నాను.

ఒక ఆదివారం పొద్దున వంటింట్లోంచి బయటికొస్తే అత్తయ్య సాధిస్తున్నారు. "పులిహోరకని దాచిన కాయలు. మొత్తం కోసి పడేశాడు చూడవే."

మామయ్య తొట్టె ముందు నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు. ఒక పక్క నిమ్మచెక్కలు, ఒక పక్క ఆకురాయి. తొట్టెలోంచి తీసిన రాయిని ఆకురాయి మీద అరగదీసి, రాలిన పొడి మీద నిమ్మకాయ పిండారు. చిన్న చిన్న బుడగలొచ్చాయి. తర్వాత గాజు లోపలి వైపు, నీళ్ల అంచు వెంబడి సన్నగా కట్టిన తెల్లటి గీతని గోటితో గీరి నాకు చూపించారు.

"బట్టీ దగ్గర నీళ్లతొట్టికి సున్నం ఇట్టానే కట్టేది. రాయి నీళ్లల్లో కరుగుతోంది, మొక్కకి పడదు. నెల నుంచీ దీని ముందే కూర్చున్నా, ఇయ్యాలదాకా కంటికి ఆనలా." రాయి కింద పెట్టి అడిగారు. "నువ్వు పిల్లలకి చెప్పే పాఠమేగా ఇది?"

"అవును మామయ్యా."

"నీకు ముందే తెలుసా?"

అబద్ధమాడదామనే అనుకున్నాను. ఆ కళ్ల ముందు నోరు రాలేదు. "మొదటి రోజే తెలుసు," అన్నాను.

ఆయన కోప్పడితే బాగుండేది. గోటికంటిన సున్నాన్ని పంచెకి తుడుచుకున్నారు. "బట్టీలో నేను పొరపాటు పాస్ చేస్తే కూలోళ్లు కూడా మొహం మీద చెప్పేవోళ్లమ్మాయ్. అందుకే అక్కడ నా మాటకి విలువ. నువ్వు నన్ను ముసలోణ్ణి చేసి కూర్చోబెట్టావు," అన్నారు. నాకు తల కొట్టేసినట్టయింది. ప్రేమ అనుకుని నేను చేసింది ఆయనకి జాలిలా తగిలింది. చెంబు నీళ్లు తాగొస్తానని వంటింట్లోకి పోయి ఏడ్చాను.

ముఖం కడుక్కుని వచ్చేసరికి మామయ్య వరండాలో లేరు. చొక్కా చేతులు పైకి మడిచి తొట్టెలోంచి రాళ్లు తీస్తున్నారు. తను మురిసిపోయి తెచ్చుకున్నవాటిని ఒక్కోటీ తీసి, ఒక్క మొక్క వేరు తెగకుండా, ఒక్క చేప బెదరకుండా బకెట్లో వేస్తున్నారు. అప్పుడు నాకు ఆయన మీద కలిగిన గౌరవం నేనెలా చెప్పను. నా మార్కుల పుస్తకంలో కూడిక తప్పని ఒకసారి పక్క టీచరు చెబితే నేను వారం రోజులు ఆవిడతో మాట్లాడలేదు.

ఆ తర్వాత పది రోజులు మా ఇల్లు ల్యాబైపోయింది, అదీ మా స్కూలు ల్యాబుకన్నా నయంగా. ఆయన ఎక్కడికెళ్లినా జేబులో నిమ్మకాయ, సంచిలో ఆకురాయి. ఎడ్లపాడు పెళ్లికెళ్లి అక్కడి నల్లరేగడి పొట్లం కట్టుకొచ్చారు. నిమ్మరసం పిండితే అది కూడా సన్నగా పొంగింది. "పత్తికి మంచిది, నీకు పనికిరాదు," అని పెరట్లో పోసేశారు. విజయపురి సౌత్‌లో ఉండే ఆయన స్నేహితుడు బస్సు డ్రైవరు చేత కృష్ణ ఇసుక పంపించాడు. ఇసుక నిమ్మళంగానే ఉంది, అందులో కలిసిన నత్తగుల్లలే బుస్సుమన్నాయి. ఆయన విసుక్కోలేదు. అందరం బియ్యంలో రాళ్లేరతాం కదా, ఆయన చేటలో ఇసుక పోసుకుని గుల్లలు ఏరారు, రెండు మధ్యాహ్నాలు. చివరికి శావల్యాపురంలో మా ఆడపడుచు వాళ్ల చేలో ఎర్రమట్టి నిమ్మకాయకి ఉలుకూ పలుకూ లేకుండా కూర్చుంది. మామయ్య ఆ పళ్లెం ముందు ఎంతసేపు ఉన్నారో.

"ఇది పాస్," అన్నారు.

ఎర్రమట్టిని జల్లించి, నానబెట్టి, పైకి తేలిన పుల్లా పుడకా తీసేసి, చేపల్నీ మొక్కల్నీ బకెట్లోకి మార్చి, తొట్టె అడుగున రెండు వేళ్ల మందాన పరిచాం. దాని మీద ఏరిన ఇసుక. నీళ్లు పోసేటప్పుడు మట్టి రేగకుండా ఇసుక మీద అన్నం పళ్లెం పెట్టి, దాని మీద సన్నధారగా పోయమన్నారు. ఆ ఉపాయం నేను చూసిన ఏ వీడియోలోనూ లేదు. ఇరవై రోజులకి ఈనెకీ ఈనెకీ మధ్య పచ్చదనం వచ్చింది. నెలన్నరకి ఇసుకలోంచి పిలకలు లేచాయి. ఈ మట్టి కోసం కొన్నదేమైనా ఉంటే నిమ్మకాయలు, ఆ లెక్క అత్తయ్య ఇప్పటికీ చెప్తారు.

నేనింక పండుటాకులు దాచడం మానేశాను. కానీ ఆయనకీ నాకూ మధ్య ఆ ఆదివారం అలాగే ఉండిపోయింది. మామూలుగానే మాట్లాడేవారు, మునుపటిలా ఏదీ అడిగేవారు కాదు. అది నాకు లోపల గుచ్చుకుంటూనే ఉండేది.

మొన్న సాయంత్రం స్కూలు నుంచి వచ్చేసరికి మామయ్య గుమ్మంలో నిలబడి ఉన్నారు. చేతిలో పిడికిలంత రాయి. బూడిదరంగు మీద పాలచారలు, కొండని కోసి చిన్నది చేసినట్టుంది. మా తొట్టెలో మొక్కల మధ్య పెడితే అంతకన్నా అందం ఉండదు.

"ఎట్టా ఉందమ్మాయ్? పెడదామా?" అన్నారు.

చేతిలోకి తీసుకున్నాను. ఆ చారలు చూస్తేనే అర్థమైంది. ఆయన కళ్లలోకి చూసి చెప్పాను. "అందంగా ఉంది మామయ్యా. కానీ వద్దు. ఇది సున్నపురాయి."

రాయి తిరిగిచ్చేద్దామని తిప్పాను. అడుగున ఆకురాయితో గీసిన గీత ఉంది. అక్కడ ఇంకా తడిగా ఉంది, నిమ్మకాయ వాసన వేస్తోంది.

"మీరు ముందే చూశారా?"

"పొద్దున్నే చూశా."

"మరి నన్నెందుకు అడిగారు?"

మామయ్య రాయి తీసుకుని తులసికోట పక్కన పెట్టారు. "చెప్తావో లేదోనని," అన్నారు. తర్వాత కుర్చీ తొట్టె ముందుకి జరుపుకుని, నాకోసం పక్కన ఇంకో కుర్చీ వేశారు.