ఖాళీ తెరకి అక్క ఇచ్చిన జవాబులు

ఆ ప్రకటన నేను చూసింది పలాస స్టేషన్లో, టెక్కలి వెళ్దామని రైలు కోసం కాచుకుని కూర్చున్నప్పుడు. ఒక విశ్వవిద్యాలయంలో మనిషి చూపు మీద పరిశోధన చేసే ల్యాబులో ఖాళీలున్నాయట. కళ్లజబ్బుల సంగతి కాదు. కంటి ముందున్న దాన్ని మనసు ఎలా పోల్చుకుంటుంది, దేన్ని పట్టుకుని దేన్ని వదిలేస్తుంది అన్న సంగతి. సైకాలజీలో ఎమ్మెస్సీ చేసి, టెక్కలిలో ఒక చిన్న కాలేజీలో పాఠాలు చెప్పుకుంటున్న నాకు ఆ నాలుగు లైన్లు చదివేసరికి ఒళ్లు ఝల్లుమంది. దరఖాస్తుతో పాటు సొంతంగా చేసిన చిన్న ప్రయోగం ఒకటి పంపాలన్నారు. ప్రయోగానికి ఒక మనిషి కావాలి. మనిషి అంటే నాకు అక్కే.

అమ్మా నాన్నా పోయాక అక్క తొమ్మిదో తరగతిలో బడి మానేసి జీడి ఫ్యాక్టరీలో పప్పు ఏరడానికి కూర్చుంది. నేను చదువుకున్నాను. ఇంతకన్నా చెప్పడానికేమీ లేదు, ఈ రుణం తీరేదీ కాదు. గుండు పప్పు ఒక పక్కకి, బద్దలు ఒక పక్కకి, మాడినవి ఇంకో పక్కకి. ఆ బల్ల దగ్గర ఆడవాళ్ల నోళ్లు ఆగవు, చేతులూ ఆగవు. అక్కడ ఒక పద్ధతి ఉంది: అనుమానం వచ్చిందని చెయ్యి ఆపి చూడకూడదు. ఒక చెయ్యి ఆగితే పక్క చెయ్యి ఆగుతుంది, బల్లంతా ఆగుతుంది. అందుకని గుండో బద్దో తేలకపోయినా ఏదో ఒక వైపు వేసేసి ముందుకు పోతారు. ఇరవై ఏళ్లకు పైగా అక్క చెయ్యి అలా నడిచింది.

నా ప్రయోగం చాలా తేలిక. లాప్‌టాప్ తెర మధ్యలో ఒక కూడిక గుర్తు ఉంటుంది. దాని మీదే చూపు నిలపాలి. చుట్టూ ఎక్కడో ఒక చోట వెలిసిపోయినట్టుండే చుక్క ఒకటి వచ్చి పోతుంది. కనబడితే మీట నొక్కాలి. ఒక్కో కన్నుకీ విడివిడిగా చెయ్యాలి. తల కదలకుండా ఉండటానికి గెడ్డం ఆన్చే పరికరం ఉంటుంది ల్యాబుల్లో. మా ఇంట్లో కీర్తనల పుస్తకాలున్నాయి. ఒక ఆదివారం ఏసు గుడి నుంచి వచ్చాక వాటిని దొంతరగా పేర్చి, అక్క గెడ్డం వాటి మీద పెట్టించాను.

కుడి కన్ను బాగానే వచ్చింది. ఎడమ కన్నుకి వచ్చేసరికి చుక్కలు వస్తున్నాయి, పోతున్నాయి, అక్క వేలు కదలదు.

"ఏటక్కా, నిద్రపోతన్నావా?" అన్నాను.

"నిద్దరేటే? అక్కడేటీ రానేదు."

"వచ్చింది. నువ్వు సూడ్లేదు. నీ దేస అంతా పొయ్యి మీద కూర మీదుంది."

"మరి ఒకపాలి తల తిప్పి సూడనీ."

"తల తిప్పకూడదని సెప్పేను కదా. నువ్వు ఇలగ సేత్తే నా ఉజ్జోగం పోతాది."

ఆ మాట అన్నది నేనే. ఈ నోటితోనే అన్నాను. అక్క ముఖం చిన్నబోయింది. టీ పెట్టుకొచ్చి, తాగి, కొంగుతో కళ్లు తుడుచుకుని, "ఇప్పుడెట్టు, సరిగ్గా సూత్తాను" అని మళ్లీ కూర్చుంది. ఈసారి ఎడమ కన్నుకి కూడా ఒక్క చుక్క తప్పిపోలేదు. నేను సంబరపడి అక్కని వాటేసుకున్నాను.

వివరాలన్నీ పంపాలన్నారు కాబట్టి రెండుసార్ల లెక్కలూ పంపాను. మొదటిదాని కింద ఒక ముక్క రాశాను: పాల్గొన్న వ్యక్తి అజాగ్రత్త వల్ల దీన్ని పక్కన పెట్టడమైనది. ఎంత దర్జాగా రాశానో ఇప్పటికీ గుర్తుంది.

ఇంటర్వ్యూలు వాయిదా పడుతూ పడుతూ పదకొండు నెలలైంది. ఈ పదకొండు నెలల్లో ఏం జరిగిందో నేను వరసగా చెప్పగలను, ఎందుకంటే అన్నీ నా కళ్ల ముందే జరిగాయి. సోంపేట బజార్లో ఎడమ పక్క నుంచి వచ్చిన ఆటో అక్కని రాసుకుంటూ పోతే, ఇద్దరం కలిసి ఆటోవాణ్ణి తిట్టాం. గుమ్మానికి భుజం కొట్టుకుంటే "ఒళ్లొచ్చిందే నీకు" అని నవ్వాను. గుడిలో పాటల పుస్తకం తెరవడం మానేస్తే, అన్నీ కంఠతా వచ్చేశాయి కాబోలనుకున్నాను. ఏరుడు బల్ల నుంచి పొట్టు తీసే వాళ్లలోకి మార్చారని చెప్పినప్పుడు ఎందుకని కూడా అడగలేదు. చూపు గురించి పుస్తకాలు ముందేసుకుని కూర్చున్నదాన్ని, తల ఎత్తి పక్కనున్న మనిషిని చూడలేదు.

ఇంటర్వ్యూలో ప్రొఫెసరు ఒక పెద్దావిడ. గొంతు పెంచకుండా మాట్లాడుతుంది. నా కాగితాలు తిప్పుతూ అడిగింది.

"మధ్యమధ్యలో చుక్క లేని ఖాళీ తెరలు పెట్టారు కదా, ఎందుకు?"

"చూడకుండా ఊహించి నొక్కుతున్నారేమో తెలుసుకోవడానికండీ."

"మంచిది. రెండోసారి ఈవిడ ఖాళీ తెరలకి కూడా ప్రతిసారీ నొక్కారు. మీరు గమనించారా?"

నేను గమనించలేదు. తప్పినవి ఎన్ని అని మాత్రమే చూసుకున్నాను. సున్నా అని వచ్చింది, ఎగిరి గంతేశాను. ఖాళీ తెరల వరస తెరిచి కూడా చూడలేదు. చుక్కలు రెండేసి సెకన్లకి ఒకటి చొప్పున వచ్చేలా పెట్టాను. అక్క ఆ నడక పట్టుకుంది. పప్పు ఏరినట్టే, తేలినా తేలకపోయినా చెయ్యి ఆపకుండా నొక్కుకుంటూ పోయింది.

ఆవిడ మొదటి కాగితం నా వైపు తిప్పింది. "అజాగ్రత్త అయితే తప్పులు చెల్లాచెదురుగా ఉంటాయమ్మా. ఇవన్నీ ఒకే చోట ఉన్నాయి, ఎడమ కంటికి ముక్కు వైపున, పై భాగంలో. ఈవిడ మీకేమవుతారు?"

"అక్కండీ."

ఆవిడ కలం కింద పెట్టేసింది. "ఇంటర్వ్యూ సంగతి తరవాత. ముందు ఆమెను కంటి డాక్టరుకి చూపించండి. ఈ వారంలోనే."

తిరుగు రైల్లో నౌపడ ఉప్పుమడులు దాటేదాకా నాకు ఏడుపు రాలేదు. ఆ తరవాత ఆగలేదు.

ఇంటికెళ్లి, చెప్పులు కూడా విప్పకుండా, రెండోసారి ఎలా నొక్కావని అడిగాను. అక్క దొంగతనం బయటపడ్డట్టు నేల చూపులు చూసింది.

"రెండోపాలి సుక్క కనబడినా కనబడకపోయినా నొక్కీసినాను. నీకు ఉజ్జోగం పోతాదన్నావు గదా. ఇప్పుడు ఆళ్లు పట్టీసినారేటి?"

"అది కాదక్కా. నీకు ఎడమ పక్క ఎప్పటి నుంచి కనబడట్లేదు?"

"ఏమోనే. అక్కడ సీకటేటీ ఉండదు. అంతా ఉన్నట్టే ఉంటాది. సెయ్యెట్టి సూత్తే గానీ తెలీదు, ఏటీ కనబడతనేదని."

నా పుస్తకాల్లో దీని గురించి ఒక అధ్యాయమే ఉంది. చూపు లేని చోట మనసు తనకు తోచింది నింపేసుకుంటుందని నేను పిల్లలకు పాఠం చెప్పాను.

డాక్టరు కళ్లలో ఒత్తిడి చూశాడు, నరం చూశాడు. ఎడమ కన్ను చాలా వరకు పోయింది, కుడి కన్నుకి కూడా మొదలైంది, చుక్కల మందుతో ఉన్నది కాపాడుకోవాలి గానీ పోయింది తిరిగి రాదు అన్నాడు. తరవాత అక్కకి అర్థం కాకూడదని కాబోలు, ఇంగ్లీషులో నాతో ఇంకో మాట అన్నాడు. ఏడాది ముందు తీసుకొచ్చి ఉంటే ఎడమ కన్ను చూపు సగమైనా దక్కేదట.

"ఏటన్నాడే?" అని అడిగింది అక్క.

"మందు మానకుండా ఏసుకోమన్నాడు," అన్నాను.

ఏడాది ముందు ఆ కాగితం నా చేతిలో ఉంది. కీర్తనల పుస్తకాల మీద గెడ్డం ఆన్చి, అక్కడేటీ రానేదని అక్క నోరు విడిచి చెప్పింది. నేను తనని తిట్టి, అబద్ధం చెప్పించుకుని, ఆ అబద్ధాన్ని చూసి మురిసిపోయాను. నన్ను నేను ఎన్ని తిట్టుకున్నా చాలదు.

ఇంకో నెలకి ల్యాబు నుంచి ఉత్తరం వచ్చింది, రెండుసార్ల లెక్కలూ దాచకుండా పంపినందుకు చేరమని. వద్దనుకున్నాను. వద్దంటే ఎందుకని అక్క అడుగుతుంది, అడిగితే ఆ డాక్టరు మాట చెప్పాలి. అందుకే చేరతానన్నాను. అక్క ముఖం వెలిగిపోయింది.

నేను బయల్దేరే ముందు ఆదివారం గుడిలో, దేవుడు చేసిన మేలు నలుగురికీ చెప్పుకునే సాక్ష్యాల వేళకి అక్క లేచి నిలబడింది. ఎప్పుడూ నలుగురిలో నోరు విప్పని మనిషి.

"మా సెల్లి పరీచ్చకి నాను కూసున్నాను," అంది. "మొదట తప్పులొచ్చినాయి, దాని ఉజ్జోగం నా మూలంగా పోతాదని బయపడినాను. రెండోపాలి దేవుడు నా సెయ్యి నడిపించినాడు. ఒక్కటీ తప్పు పోనేదు. మా సెల్లికి ఉజ్జోగం ఒచ్చినాది."

అందరూ ఆమేన్ అన్నారు. అక్క నవ్వుతూ నా కోసం చాప మీద ఆడవాళ్ల మధ్య వెతుక్కుంటోంది. నేను తన ఎడమ పక్కనే కూర్చుని ఏడుస్తున్నాను.