రసం దక్కని నాలుగు పెట్టలు

మొన్న మా వీధి చివరి దాణా కొట్టులో కాసేపు కూర్చుంటే, కొట్టతను కొత్తగా వచ్చిన పొట్లం విప్పి, ఇందులో ఉన్నవన్నీ మొక్కల రసాలేననీ, దాణాలో కలిపితే పెట్టలు బాగా గుడ్లు పెడతాయనీ చెప్పాడు. వెల్లుల్లి, పసుపు కలిసిన ఆ వాసన తగలగానే లేచి ఇంటికి వచ్చేశాను.

పంతొమ్మిది వందల నలభైల్లో, అనకాపల్లిలో నేను సైన్సు మేష్టారుగా చేరిన ఏడాది, చీడికాడలో కాపురమున్న మా అక్కకు క్షయ అని తేలడంతో అత్తవారు ఆమెను మా ఇంటికి పంపేశారు. మన ఈడువాళ్లకు చెప్పనక్కర్లేదు, ఆ జబ్బుకు అప్పట్లో మందు లేదు. రోజూ రెండు గుడ్లు పెట్టండి, బలముంటే కొన్నాళ్లు లాగుతుందన్నారు డాక్టరుగారు. పెరట్లో ఎనిమిది పెట్టలున్నా ఆ వానల్లో గుడ్లు మానేశాయి. అమ్మ మునగాకు, వెల్లుల్లి, పచ్చిపసుపు నూరి, గుడ్డలో పిండి, ఆ రసం తవుడులో కలిపి పెడతానంది. అది నిజంగా పనిచేస్తుందో లేదో తేల్చాలని నాకు బుద్ధి పుట్టింది. పెట్టలను నాలుగేసి చొప్పున రెండు గూళ్లలో వేరుచేసి, ఒక గూటికే రసం పెట్టాలనీ, నెల నిండేదాకా ఏదీ మార్చకూడదనీ షరతు పెట్టి, ఏ గూట్లో ఎన్ని గుడ్లో డైరీలో రాసుకునేవాణ్ని.

పది రోజులకే తేడా తెలిసింది. రసం తిన్న గూట్లో రోజుకొక గుడ్డు, రెండోదాంట్లో ఏమీ లేదు.

“ఏటిరా ఈ సోద్యం? అన్నిటికీ ఎట్టెయ్రా, పిల్లకి సాలట్లేదు!” అని అమ్మ తవుడు మూకుడుతో నా వెంట పడేది. అక్క మాత్రం దగ్గు ఆగినప్పుడు మంచంమీద నుంచి, “ఆడి డైరీని గంప కింద పొదగెయ్యే అమ్మా, పిల్ల లెక్కలొత్తాయి!” అని నవ్వేది. నేనూ నవ్వాను గాని ఒప్పుకోలేదు. ఇంట్లో చదువుకున్నవాణ్ని నేనొక్కణ్నే కనక అమ్మ నా మాట దాటలేదు.

నెలకు ఇంకా నాలుగు రోజులుందనగా అక్కకు మింగుడు పడటం మానేసింది. ఆ పూట అమ్మ నన్ను అడక్కుండా రెండు గూళ్లకూ రసం పెట్టింది. వారం తిరగకుండా అక్క పోయింది. కర్మల రోజుల్లో రెండు గూళ్లలోనూ గుడ్లు కనబడ్డాయి. ఎవరూ వాటిని ముట్టుకోలేదు. పెట్ట అరిస్తే చాలు వంటింట్లోంచి పరుగెత్తుకెళ్లే అమ్మ, అరుపు విని అటు తిరిగి కూర్చునేది.

ఇంకో గుడ్డు తినుంటే బతికేదని నేననను. కాని ఆ రోజులన్నీ ఆమెకు ఆకలి ఉండేది.

ఇప్పుడు ఆ జబ్బుకు మాత్రలున్నాయి, గుడ్లు ఏ కొట్టులోనైనా అట్టల కొద్దీ ఉంటాయి, పెట్ట అరుపు విని ఎవరూ పరుగెత్తరు. ఒక్క గుడ్డు కోసం ఇల్లంతా చెవి ఒగ్గి కూర్చునేదంటే నమ్మేవాళ్లు కూడా తగ్గిపోయారు. అలాంటి రోజుల్లో నేను నాలుగు పెట్టలను ఉత్త తవుడుతో ఉంచాను.