లార్డుగారి బిరుదు, అక్క సంతకం

ఆ రోజుల్లో మనిషి విలువ అతను ఎవరి పక్కన నిలబడ్డాడన్న దాన్నిబట్టి ఉంటుందని నా గట్టి నమ్మకం. అందుకే బోధన్‌లో చక్కెర మిల్లు గెస్ట్‌హౌస్ గుమాస్తాగా ఉన్నప్పుడు ఇంగ్లండు లార్డుగారు మూడు రోజులు నా చేతి అన్నం తిన్నాడని నలభై ఏళ్లుగా అందరికీ చెప్పుకుంటూ వచ్చాను. (తిన్నది రెండు బిస్కెట్లు. ఉన్నది ఒక పూట. లార్డు కూడా ఆయన కాదు, ఆయన అన్న.)

ఆ పూటే అక్క కమ్మర్‌పల్లి నుంచి బస్సులో వచ్చింది. బాపు పోయాక చెరుకు పొలంలో తనకొచ్చే వాటాను నాకు వదిలేస్తూ సంతకం పెట్టాలి. రాయించిన కాగితం నా జేబులోనే ఉంది. మేము రిజిస్ట్రేషన్ ఆఫీసుకు బయలుదేరేలోగా ఆ ఇంగ్లండు దొర తన కూతురితో సహా దిగాడు, మిల్లు చూడాలని. అక్కడ బీఏ చదివినవాణ్ని నేనొక్కణ్నే కాబట్టి ఆయన మాటలు తెలుగులో చెప్పే పని నా మీద పడింది. అక్క వరండాలో కూర్చుని వింటోంది.

లార్డన్న ఆ బిరుదు ఆయన ముత్తాతకు ఇంగ్లండు రాజుగారు ఇచ్చిందట. అప్పటినుంచి పెద్దకొడుక్కి, వాడి పెద్దకొడుక్కి దిగుతూ వచ్చిందట. ఇప్పుడున్న లార్డుకు, అంటే ఈయన అన్నకు, పిల్లల్లేరు కాబట్టి రేపు ఈయనకొస్తుంది. ఈయనకున్నది ఒక్క కూతురే కాబట్టి ఈయనతోనే ఆగిపోతుంది. నేను గొంతు సవరించుకుని ఇదంతా వర్ణిస్తుంటే అక్క మెల్లగా అంది:

"గా పిల్ల ఆయన బిడ్డనే గద తమ్మీ. మరి దానికేం రాదా?"

అడిగాను. ఆ అమ్మాయి నవ్వి, బిరుదొక్కటే రాదు, నాన్న ఇల్లూ భూమీ నాకే అంది. నేను అక్క వైపు తిరిగాను.

"ఏం రాదంట అక్కా. అంత పెద్ద ఇండ్లల్ల గూడ ఆడపిల్లలకు ఏం రాదంట."

మధ్యాహ్నం అక్క సంతకం పెట్టింది.

మొన్న వానాకాలంలో, ఇద్దరం ముసలివాళ్లమయ్యాక, ఉండబట్టలేక ఆ రోజు అబద్ధం చెప్పానని ఒప్పుకున్నాను. అక్క పసుపు కొమ్ములు ఏరుతూ తల కూడా ఎత్తలేదు.

"గప్పుడే ఎరుకైందిరా. ఏం రానిది గంత సంబురంగ నవ్వుతదా? నీ మొకం సూసి పెట్టిన. ఇయ్యాలైతే పెట్టను."

పోయిన నెల ఆమె వాటా ఆమె పేర రాయించాను. కాగితం చదివి వినిపిద్దామని కళ్లద్దాలు పెట్టుకోబోతే, అక్క దాన్ని నా చేతిలోంచి తీసుకుంది.

"నువ్వు సదువకు. నా మనుమరాలు సదువుతది, నేనింట."

పదో తరగతి పిల్ల తడుముకుంటూ చివరిదాకా చదివింది. అంతా సరిగ్గానే ఉందని చెప్పింది. అయినా అక్క ఇంకోసారి చదవమంది. రెండోసారి వింటుంటే, ఆనాటి నా తర్జుమా గుర్తొచ్చి నాకు నవ్వొచ్చింది.